మెంబర్ అన్న మాటకి మొదటి అర్థం

ఆ బైండింగ్ షాపులో ఇరవై ఏడుగురు పనిచేసేవారు. యజమాని అంటూ ఎవరూ లేరు. చాలా ఏళ్ల కిందట పాత యజమాని షాపు మూసేసి తాళాలు జేబులో వేసుకుని వెళ్లిపోబోతుంటే, ఎనిమిదిమంది పనివాళ్లు గుమ్మానికి అడ్డంగా కూర్చుని, “తాళాలిచ్చెయ్యండి, మేమే నడుపుకుంటాం” అన్నారు. అలా పుట్టిన సహకార సంఘం అది. ఆ రోజు అందరికన్నా ముందు కూర్చున్న మనిషే ఇప్పటికీ ప్రెసిడెంటు. షాపులో అందరూ ఆయన్ని ప్రెసిడెంటుగారూ అని పిలుస్తారు, ఇద్దరు తప్ప. ఆ ఇద్దరికీ ఆయన సొంత బాబాయి.

ఇద్దరూ అక్కచెల్లెళ్లు. పెద్దామె పుస్తకాల ఫారాలు, అంటే మడిచిన కాగితాల దొంతరలు, కుడుతుంది. అందుకని ఆమె కుట్టక్క. ఆమెకన్నా ఇరవయ్యేళ్లు పెద్దవాళ్లు కూడా కుట్టక్కా అనే అంటారు. చిన్నామె కటింగ్ మెషిన్ మీద పనిచేస్తుంది కాబట్టి కత్తి. మనిషి కూడా కత్తే. నవ్విందంటే మెషిన్ల మోతలోంచి కూడా షాపు ఆ చివరికి వినపడేది.

తల్లీ తండ్రీ పోయేనాటికి కుట్టక్కకి పధ్నాలుగేళ్లు, కత్తికి ఏడు. బాబాయికీ పిన్నికీ పిల్లల్లేరు. వీళ్లిద్దర్నీ తెచ్చి సొంత బిడ్డల్లా పెంచుకున్నారు. కాగితం పీచు ఎటువైపు ఉందో వేలితో తడిమి కనిపెట్టడం, మడత మీద గోరు కాకుండా ఎముక పలక నడపడం, జిగురు దారమంత సన్నగా రాయడం, అన్నీ బాబాయి నేర్పినవే. పిన్ని పోయింది. కుట్టక్క పెళ్లి రెండేళ్లకే పెటాకులైంది. ఇప్పుడు అక్కచెల్లెళ్లు గడియారాలు బాగుచేసే దుకాణం పైన రెండు గదుల్లో ఉంటున్నారు. బాబాయి రెండు వీధుల అవతల ఒక్కడూ ఉంటాడు.

కటింగ్ మెషిన్‌కి ముందువైపు రెండు బటన్లుంటాయి, ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి. రెండూ ఒకేసారి నొక్కితేనే బ్లేడు దిగుతుంది. రెండు చేతులూ బటన్ల మీదుంటే ఇక బ్లేడు కింద పెట్టడానికి మూడో చెయ్యి ఎవరికీ ఉండదు కదా, అదీ కిటుకు. కానీ ఆ ఏడు స్కూళ్లు తెరిచేముందు పని మెడమీదికి వచ్చింది. ఎడమవైపు బటన్ లోపలికి నొక్కి, పైన అట్టముక్క పెట్టి, టేపుతో బిగించేశారు. ఎడమచేత్తో కాగితాలు సర్దుకుంటూ కుడిచేత్తో నొక్కితే సరిపోతోంది. గంటకి ముప్పై కట్టలు తెగేచోట నలభై ఐదు తెగసాగాయి. అటుగా పోయేవాళ్లందరూ ఆ టేపు చూశారు. ఎవరూ కిక్కురుమనలేదు.

తొమ్మిదో తారీఖు పొద్దున్న, పదకొండింటికి, కుట్టక్క సూదిలో దారం ఎక్కిస్తోంది. పదహారేళ్లుగా ఆ మెషిన్ చప్పుడు వింటూ కుడుతోంది కాబట్టి అది ఆమెకి సొంత ఊపిరిలాంటిది. బ్లేడు దిగిన చప్పుడు ఎప్పటిలాగే వచ్చింది. దాని తర్వాత కట్ట తీసి పక్కన పడేసే దభీమన్న చప్పుడు రావాలి. రాలేదు. కుట్టక్క తలెత్తింది.

కత్తి మెషిన్ ముందు నిలబడే ఉంది. అరవలేదు. ఎడమచెయ్యి ముఖం ముందుకు తెచ్చుకుని, ఎవరిదో చెయ్యి చూస్తున్నట్టు చూసుకుంటోంది. “అక్కా, ఇదేంటి ఇలా ఉంది?” అని మాత్రం అంది.

నాలుగు వేళ్లు పోయాయి. బొటనవేలు ఒక్కటే మిగిలింది. దగ్గరున్న ఆసుపత్రికి పరిగెత్తితే, అతికించడం ఇక్కడ కుదరదు, పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. అక్కడికి చేరి, డాక్టరు దొరికి, ఆయన చూసేసరికి సమయం మించిపోయింది. ఆరు గంటలు దాటాక మావల్ల కాదమ్మా అన్నాడాయన. కుట్టక్క చేతిలో గుడ్డలో చుట్టిన పొట్లం ఉంది. దాన్ని ఎవరికివ్వాలో తెలియక పొద్దుగూకేదాకా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఇరవై ఐదో తారీఖున షాపులో మీటింగు పెట్టారు. కత్తి అప్పటికింకా ఆసుపత్రిలోనే ఉంది. మీటింగులు రాసే సెక్రటరీకి అజెండా అని పేరు. ఎవరేం మాట్లాడబోయినా “అది అజెండాలో లేదు కదా” అంటాడు, అందుకని. ఆ రోజు ఆయన ఏమీ అనలేదు. బాబాయే లేచాడు.

“చిన్నపిల్ల ఇప్పట్లో పనిలోకి రాలేదు. మెంబరుగా ఉన్నన్నాళ్లూ డ్యూటీకి రావాలని మన రూల్సులో ఉంది. ఊరికే దానికి నోటీసులూ అవీ వెళ్లడం బాగోదు. కొన్నాళ్లపాటు పేరు పక్కన పెడదాం. అంతే. దాని మంచికే.”

తక్కిన అందరూ చేతులెత్తారు. బాబాయి కుట్టక్క వంక చూశాడు. పదిహేను రోజులుగా ఆమెకి సరిగ్గా నిద్ర లేదు. బాబాయి ఏం చెప్పినా వినడం ఆమెకి పధ్నాలుగో ఏటి నుంచీ అలవాటు. చెయ్యెత్తింది. అజెండా ఒక విడికాగితం తెచ్చి ఇక్కడ సంతకం పెట్టమన్నాడు. ఇంగ్లీషులో ఉంది. పెట్టింది.

ఆసుపత్రికి వెళ్లాక చెల్లెలితో ఈ సంగతి చెప్పలేదు. దాచాలని కాదు. చెప్పేంత విషయం కాదనుకుంది.

కత్తి ఇంటికొచ్చింది. ఇంకో వారం గడిచింది. ప్రమాదం సంగతి చూడ్డానికి సోమవారం ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వస్తాడని షాపులో అనుకుంటున్నారు. ఆ ముందు శుక్రవారం కుట్టక్క బల్ల మీదికి ఒక పాత డిక్షనరీ వచ్చింది. ఏదో స్కూలు లైబ్రరీది. ఇటుకంత లావు. వెన్ను విరిగి, పేజీలు చెల్లాచెదురై, చేతికి తీసుకుంటే రాలిపోయేలా ఉంది. పాత దారాలు తీసి, ఫారాలు విడదీసి, మళ్లీ మొదట్నుంచీ కుట్టాలి.

ఫారాన్ని సరిగ్గా మధ్యకి తెరిస్తేనే సూది దిగుతుంది. అందుకే కుట్టేవాళ్లకి ఏ పుస్తకంలోనైనా నడిమి పేజీలే కనపడతాయి. కుట్టక్క వేల పుస్తకాలు కుట్టింది, పట్టుమని పది చదవలేదు. ఆ మధ్యాహ్నం ఎమ్ అక్షరం ఫారాల్లో ఒకటి తెరిచి సూది దించబోతుంటే, పేజీ పైన నల్లటి అక్షరాల్లో ఒక మాట కనపడింది. ఆ మాట ఆమెకి తెలుసు. పదహారేళ్లుగా పర్సులో పెట్టుకు తిరుగుతున్న కార్డు మీద, ఆమె పేరు పక్కనే ఉంటుంది. మెంబర్.

ఏం రాశారో చూద్దామని చదివింది. ఆమె ఇంగ్లీషు పదో తరగతితో ఆగిపోయింది. కూడబలుక్కుంటూ చదివితే మొదటి వరుసలో ‘బాడీ’ అనే మాట అర్థమైంది. బాడీ అంటే ఒళ్లు. సంఘం అని ఉంటుందనుకుంటే ఒళ్లు అని ఎందుకుంది? అచ్చుతప్పేమో అనుకుంది.

అట్ట రంగు చూసుకోవడానికి లైబ్రరీ టీచరు సరిగ్గా అప్పుడే వచ్చింది. కళ్లజోడు తలమీదికి తోసుకుని, అట్టకి వేసే క్యాలికో గుడ్డ ముక్కలు వెలుతురులో పెట్టి చూసుకుంటున్న ఆమెని కుట్టక్క పిలిచింది.

“టీచర్ గారూ, ఒక్క నిమిషం. ఇక్కడ లింబ్ అని ఉంది. ఏంటది?”

“లిమ్ అనాలి. చివర ‘బి’ పలకదు. అవయవం అన్నమాట. చెయ్యో, కాలో.”

“మెంబర్ అంటే చెయ్యా?”

“మొదటి అర్థం అదే మరి,” అంది టీచరు. మాటల గురించి అడిగేవాళ్లు ఆమెకి ఎప్పుడోగానీ దొరకరు. కుర్చీ లాక్కుని కూర్చుంది. “లాటిన్లో మెంబ్రుమ్ అని ఉంది. ఒంట్లో ఒక భాగం. అదే కాలక్రమంలో సంఘాలకి పాకింది. సంఘాన్ని ఒక ఒళ్లు అనుకోండి. అందులో ఉండే మనుషులు దాని చేతులూ కాళ్లూ. ఇంగ్లీషులో సంఘాన్ని బాడీ అని అనడం వినలేదూ?”

“విన్నాను.” కుట్టక్క గొంతు తగ్గింది. “మెంబరుని తీసేస్తే ఏమంటారండీ?”

“దానికి చాలా మాటలున్నాయి. ఈ మాటలోంచే పుట్టింది కావాలంటే డిస్మెంబర్ అని ఒకటుంది గానీ, అది మామూలుగా తీసెయ్యడం కాదండీ. నరికెయ్యడం. కాలూ చెయ్యీ వేటికవి...” టీచరు సగంలో ఆగిపోయింది. “ఏమైందండీ? మంచినీళ్లు తెమ్మంటారా?”

కుట్టక్క చేతిలోని సూది ఆమె వేలిలోకే దిగి ఉంది. ఆమె చూసుకోలేదు. సూది లాగేసి, వేలు చీరకొంగుకి తుడుచుకుని లేచింది. “వెళ్లిపోకండి. ఒక కాగితం చదివి పెట్టాలి మీరు.”

మీటింగుల పుస్తకం అజెండా వెనకాల బీరువాలో ఉంటుంది. కుట్టక్క వెళ్లి బీరువా తలుపు తెరవబోతే ఆయన అడ్డం లేచాడు.

“ఏంటి కుట్టక్కా? ఇవాళ మీటింగేం లేదే? అజెండాలో...”

“చూడ్డానికి అజెండా ఎందుకు, కళ్లుంటే చాలదా?” అని ఆయన్ని పక్కకి నెట్టి పుస్తకం తీసుకుంది. పదహారేళ్లలో ఆమె ఒక మనిషిని నెట్టడం అదే మొదటిసారి.  అజెండా గబగబా మెట్లు దిగి ఎటో వెళ్లాడు.

టీచరు పేజీలు తిప్పి, వెతికి, చదివింది.

“కటింగ్ మెషిన్ మీద పనిచేసే ఫలానా ఆమె విధులకి సరిగా రాకపోవడం వల్ల ఈ తేదీ నుంచి సంఘంలో మెంబరు కాదు. ఇకమీదట మెషిన్లు ముట్టుకోవడానికి ఆమెకి అనుమతి లేదు. హాజరైన వాళ్లందరూ ఒప్పుకున్నారు. కింద సంతకాలున్నాయి. మీదీ ఉంది.”

“తారీఖు?”

“మూడు.”

“ఇరవై ఐదు కదండీ?”

“మూడేనండీ. అక్షరాల్లో కూడా రాశారు.”

తొమ్మిదిన వేళ్లు తెగాయి. ఇరవై ఐదున చేతులెత్తారు. కాగితం మీద మూడు. కుట్టక్క లెక్క వేసుకోలేదు, వేసుకోవాల్సిన అవసరం రాలేదు. వేళ్లు తెగిన రోజుకి ఆమె చెల్లెలు సంఘం మనిషే కాదు. ఎవరో బయటి మనిషి షాపులోకి జొరబడి, ముట్టుకోవద్దన్న మెషిన్ ముట్టుకుని, చెయ్యి కోసుకుంది. సోమవారం ఇన్‌స్పెక్టరుకి చూపించబోయే కథ అది. దాని కింద అక్క సంతకం.

పుస్తకం చేతిలోకి తీసుకుంది. ఇక్కడ టీచరుకి కనపడనిది ఆమెకి కనపడింది. మిగతా పేజీలన్నీ కుట్టులో ఉన్నాయి. ఈ కాగితం కుట్టులో లేదు. పాత పేజీ ఒకటి బ్లేడుతో మొదలంటా కోసేసి, ఆ స్థానంలో దీన్ని జిగురుతో అంటించారు. ఎంత పొందిగ్గా అంటించారంటే, ఆ పనిలో ఉన్నవాళ్లు తప్ప ఇంకెవరూ కనిపెట్టలేరు. జిగురు దారమంత సన్నగా ఉంది. అంచున ఒక్క చుక్క కూడా పొంగలేదు. అలా రాయగల చెయ్యి షాపులో ఒక్కటే ఉంది. ఆ చేతి కిందే ఆమె పని నేర్చుకుంది.

 పుస్తకం మళ్లీ బీరువాలో పెట్టలేదు, తన సంచిలో వేసుకుంది.

సాయంత్రం ఆమె ఇంటికెళ్లేసరికి కత్తి కిటికీ దగ్గర కూర్చుని, జాకెట్టు గుండీలు ఒక చేత్తో పెట్టుకోవడం ప్రాక్టీసు చేస్తోంది. రెండు పెట్టగలిగింది. “చూశావా, ఇవాళ రెండు!” అని నవ్వబోయి అక్క మొహం చూసి ఆగింది.

కుట్టక్క గుమ్మంలో నిలబడే అంతా చెప్పింది. డిక్షనరీ, టీచరు, అంటించిన పేజీ, తారీఖు.  అంతా అయ్యాక కత్తి అడిగింది.

“నువ్వూ చెయ్యెత్తావా?”

“ఎత్తాను.”

“ఏ చెయ్యి?”

కుట్టక్కకి గుర్తురాలేదు. రెండు చేతులూ చూసుకుంది. ఏడ్చింది. కత్తి ఓదార్చలేదు. చాలాసేపటికి లేచి వెళ్లి, గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి అక్క పక్కన పెట్టి, మళ్లీ కిటికీ దగ్గరికి పోయింది.

“రేపు నేనూ వస్తాను షాపుకి,” అంది.

మర్నాడు పొద్దున్నే కత్తి లోపలికి అడుగుపెట్టగానే ఒక్కొక్క మెషినూ ఆగిపోయింది. ఎవరు ఆపమన్నారో తెలియదు. జిగురు రాసే ముసలాయన, ఆయన్ని అందరూ జిగురు తాతంటారు, కుంచె చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. బాబాయి కటింగ్ మెషిన్ దగ్గర నిలబడి ఉన్నాడు. ఎడమవైపు బటన్ మీద ఇప్పుడు టేపు లేదు. టేపు ఉన్నచోట జిడ్డు మరక మాత్రం నలుచదరంగా కనపడుతోంది.

“బాబాయ్,” అంది కత్తి. “మూడో తారీఖున నేను ఇక్కడ లేనా?”

బాబాయి బటన్ మీది జిడ్డు మరక బొటనవేలితో తుడవబోయాడు.

“మూడున మనిద్దరం కలిసి బ్లేడు మార్చాం. బోల్టు జారి నీ అరచెయ్యి చీరుకుంది. గుడ్డ చుట్టింది నేను. నీ చెయ్యి చాచు, మచ్చ ఉంటుంది.”

బాబాయి చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. “అమ్మా, నువ్వు ఇంట్లో రెస్టు తీసుకోవాల్సింది. ఇవన్నీ తర్వాత...”

“తర్వాతంటే సోమవారం దాటాకా?”

అప్పుడు ఆయన ఉగ్గబట్టుకున్నదంతా బయటికొచ్చింది. “ఏం చెయ్యమంటావు నన్ను? మెంబరుకి దెబ్బ తగిలిందని తేలితే మెషిన్‌కి సీలేస్తారు. షాపే మూయిస్తారో ఏమో. ఇరవై ఆరు ఇళ్లమ్మా! ఈ గుమ్మంలో మూడు రోజులు తిండి లేకుండా కూర్చుని సంపాదించుకున్నాం దీన్ని. నువ్వు బయటి మనిషివైతే ఇదంతా...” అని నాలుక్కరుచుకున్నాడు.

“బయటి మనిషిని,” అంది కత్తి, ఆ మాట రుచి చూస్తున్నట్టు.

“ఆరు నెలలాగి మళ్లీ తీసుకుందామనే అనుకున్నాను. ఒట్టు. నీ మీద ఒట్టు.”

“తెగినదాన్ని ఆరు నెలలాగి అతికిస్తావా బాబాయ్? డాక్టరు ఆరు గంటలే అన్నాడు.”

 అజెండా గొంతు సవరించుకుని, “ఇదంతా రూల్సు ప్రకారం...” అని మొదలుపెట్టబోయాడు. కుట్టక్క ఆయన వైపు తిరిగింది.

“రూల్సులో మెంబర్ అని రాసుకున్నాం కదా. ఆ మాటకి అర్థమేంటో మీకు తెలుసా? నాకూ తెలీదు నిన్నటిదాకా. చెయ్యి అని అర్థమట. మనిషి ఒంటికి ఉండే చెయ్యి. మెషిన్ నా చెల్లెలి వేళ్లు తీసింది, దానికి తెలీక తీసింది. మిగిలిందాన్ని మనం తీశాం. అదిగో ఆ బల్లల చుట్టూ కూర్చుని, టీలు తాగుతూ తీశాం. నేనూ తీశాను.” ఆమె అందరి వంకా చూసింది. “ఆ రోజు చెయ్యెత్తినవాళ్లు ఇప్పుడు దీని మొహం చూస్తూ మళ్లీ ఎత్తండి.”

తలలు దిగిపోయాయి. కుట్టే ఆడవాళ్లలో ఒకామె ముక్కు చీదుకుంది. ఎవరూ ఎత్తరనుకుంటుండగా జిగురు తాత చెయ్యి లేచింది. కుంచెతో సహా లేచింది. జిగురు మణికట్టు మీదుగా కారుతోంది.

“నేనెత్తుతాను,” అన్నాడు. “మీ అందరిలాగా తెలీక ఎత్తలేదు నేను. ఆ రోజు తెలిసే ఎత్తాను. ఇంట్లో నా ముసల్ది మంచం మీదుంది. ఈ షాపు లేకపోతే దాన్ని నేనేం చేసుకోను? నన్ను తిట్టుకోమ్మా. నీకా హక్కుంది.”

ఆ మాటకి కత్తి ఏడ్చింది. ప్రమాదం జరిగినప్పట్నుంచీ ఆమె ఏడవడం అదే మొదలు. తాతని తిట్టలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని అందరికీ వినపడేలా అంది:

“టేపు వెయ్యమని అడిగింది నేనే. రెండు చేతులూ బటన్లకే పోతున్నాయి, పని తెమలడం లేదు, కట్టెయ్యి బాబాయ్ అన్నాను. ఆ మాట ఇన్‌స్పెక్టరుకి నా నోటితోనే చెప్తాను. కానీ వేసింది బాబాయి. చూసింది మీరందరూ. అది కూడా చెప్తాను. ఏది జరిగిందో అదే రాయాలి. మూడో తారీఖున ఏం జరగలేదు.”

సోమవారం వచ్చిన ఇన్‌స్పెక్టరు ఒక పలచటి మనిషి. చేతిలో ఒక సంచీ, సంచీలో ఒక టార్చిలైటు. ఆడమనిషి వస్తుందని ఎవరూ అనుకోలేదు, అందరూ మగమనిషి కోసం ఎదురుచూస్తున్నారు. మీటింగుల పుస్తకాన్ని కుట్టక్క తనే తెచ్చి బల్ల మీద పెట్టి, అంటించిన పేజీ చూపించింది.

“ఈ సంతకం నాదేనండీ. ఈ తారీఖు అబద్ధం. మీకు జిగురు కనపడదు. ఇలా అడ్డంగా పట్టుకుని లైటెయ్యండి.”

ఇన్‌స్పెక్టరు టార్చి వేసి చూసింది. చాలాసేపు చూసింది. “ఇంత చక్కగా ఎవరు అంటించారు?” అని అడిగింది.

 అప్పుడు బాబాయి వెనక నుంచి ముందుకొచ్చాడు. “నేను,” అన్నాడు. ఆ ఒక్క మాటకే ఆయన పదేళ్లు పెద్దయిపోయినట్టు కనపడ్డాడు.

షాపు మూతపడలేదు. మెషిన్‌కి మాత్రం రెండున్నర నెలలు సీలు పడింది. కోయాల్సిన కట్టలన్నీ తోపుడుబండి మీద ఇంకో షాపుకి తీసుకెళ్లి కోయించుకోవాల్సి వచ్చింది. కొందరు కుట్టక్కని చూసి మొహం తిప్పుకున్నారు. నలుగురు వేరే పని చూసుకుని వెళ్లిపోయారు, వాళ్లలో జిగురు తాత లేడు. అజెండాని సెక్రటరీ పనిలోంచి తీసేశారు. బాబాయి ఎవరూ అడక్కముందే ప్రెసిడెంటు పదవి వదిలేశాడు. ఆయన మీద కేసు నడుస్తోంది. కత్తిని మళ్లీ మెంబరుగా రాసుకున్నారు. రాసుకోవడం కూడా కాదు, ఎన్నడూ తీసేయలేదని రాశారు. ఆ మాట అలాగే ఉండాలని ఆమె పట్టుబట్టింది. మెషిన్ దగ్గరికి మాత్రం పోనంది. ఫారాలు వరస చూసి పేర్చే బల్ల దగ్గర కూర్చుంటోంది. మొదట్లో రోజుకి పాతిక పుస్తకాలు పేర్చేది. ఇప్పుడు అరవై.

అక్కచెల్లెళ్లు ఒకే కప్పు కింద ఉంటూ, కలిసే షాపుకి పోతూ, కలిసే వస్తూ ఉన్నారు. మునుపటి మాటలు మాత్రం రావడం లేదు. కత్తి ఏదైనా అడగబోయి ఒక్కోసారి ఆగిపోతుంది. కుట్టక్క ఆ ఆగడం గమనిస్తుంది.  అది మానడానికి ఎన్నాళ్లు పడుతుందో ఆమెకి తెలియదు, ఎవర్నీ అడగదు కూడా.

ఒక ఆదివారం మధ్యాహ్నం మెట్ల మీద అడుగుల చప్పుడైంది. కుట్టక్క పొయ్యి దగ్గరుంది. కత్తి వెళ్లి తలుపు తీసింది. బాబాయి. గడ్డం మాసింది. చొక్కా గుండీ ఒకటి తప్పు రంధ్రంలో ఉంది. లోపలికి రావాలో వద్దో తెలియక గోడ పట్టుకుని నిలబడ్డాడు.

“రా,” అంది కత్తి.

కుర్చీ అంచున కూర్చున్నాడు. కిటికీ చూశాడు, కింద దుకాణంలోంచి వినపడే గడియారాల చప్పుడు విన్నాడు, నేల చూశాడు. కత్తి చెయ్యి ఉన్న వైపు ఒక్కసారి కూడా చూడలేదు. కుట్టక్క వెనక్కి తిరగకుండానే టీ గ్లాసు గట్టు మీద పెట్టింది. కత్తి దాన్ని బొటనవేలికీ అరచేతికీ మధ్య పట్టుకుని తెచ్చి ఆయన ముందు పెట్టింది. అప్పుడూ ఆయన గ్లాసునే చూశాడు.

“ఎలా ఉన్నావమ్మా?” అన్నాడు నేలతో.

కత్తి ఎదురుగా కూర్చుని, ఎడమచెయ్యి బల్ల మీద పెట్టింది. వెల్లకిలా పెట్టింది.

“చూడు బాబాయ్. ఇన్నాళ్లయింది, నువ్వు ఒక్కసారీ చూడలేదు.”

“ఆసుపత్రిలో చూశాను కదమ్మా.”

“అది కట్టు. ఇది చెయ్యి.”

బాబాయి కళ్లు మెల్లగా గ్లాసు మీంచి బల్ల మీదికి, బల్ల మీంచి చేతి మీదికి జరిగాయి. కుట్లు మానినచోట చర్మం గులాబీరంగులో, కొత్తగా, పసిపిల్లల చర్మంలా ఉంది. ఆయన వేలు చాచాడు. మొదటి మొండి మీద పెట్టాడు, తర్వాత రెండోదాని మీద. మడత మీద పలక ఎలా నడపాలో తను నేర్పిన వేళ్లు అక్కడ ఉండాలి. మూడోదాని దగ్గర ఆయన వేలు ఆగిపోయింది.

అప్పుడు ఆయన గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. ఏడుపు కాదు, మాట కాదు. పిన్ని పోయిన రోజున కూడా కుట్టక్క అలాంటిది వినలేదు. గిర్రున తిరిగింది. బాబాయి రెండు చేతులతోనూ ఆ చేతిని పట్టుకుని, నుదురు దాని మీద ఆనించి, వంగిపోయి ఉన్నాడు. వీపు ఎగిరెగిరి పడుతోంది. కత్తి చెయ్యి లాక్కోలేదు, కుడిచెయ్యి ఆయన మీద వెయ్యనూ లేదు. తలెత్తి అక్క వంక చూసింది.

కుట్టక్క పొయ్యి కట్టేసింది. ఏం చెయ్యాలో తోచక తడిచేతులతో అక్కడే నిలబడిపోయింది.